ఈలోపు

మూడోసారి కూడా మింగమంది. ఒకసారి మింగమనడం పద్ధతి, రెండోసారి మింగమనడం జాగ్రత్త, మరి మూడోసారి ఎందుకు మింగమన్నట్టు ఈ పిల్ల? స్టూలు మీద కూర్చుని, చేతిలో నీళ్ళ గ్లాసుతో, గడ్డం కాస్త పైకెత్తి, ఆమె బుద్ధిగా మూడో గుక్క కూడా మింగింది. వెనక నిలబడ్డ పిల్ల వేళ్ళు ఆమె మెడకు రెండు పక్కలా ఆనుకుని ఉన్నాయి. ఎడమ పక్క వేళ్ళు కదులుతున్నాయి. కుడి పక్క వేళ్ళు ఆగిపోయాయి. ఆగి, మెత్తగా నొక్కి, కొంచెం కిందికి జరిగి, ఏదో మరిచిపోయిన మనిషి వెనక్కి వచ్చినట్టు మళ్ళీ అక్కడికే వచ్చాయి. ఈ పరీక్ష వెనక నిలబడే చెయ్యాలి కాబట్టి పిల్ల ముఖం కనిపించదు. కనిపించేదల్లా ఎదురుగా గోడ, గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి చూపించే బొమ్మలు, వాటి కింద కుర్చీలో మోకాలి మీద అట్ట పెట్టుకుని మార్కులు వేస్తున్న మేడం. మేడం తల ఎత్తలేదు. "మెడ మామూలుగా ఉంది మేడం" అంది వెనకనుంచి పిల్ల. ఆ గొంతు ఆ పిల్లది కాదు.

ఆ పిల్లను క్లాసులో అందరూ టపాకాయ అంటారు. నోరు తెరిస్తే ఆగదు. వార్డులో ఇంజక్షన్ చేస్తూ తన మేనత్త పెళ్ళి కథ మొదలుపెడితే, సూది ఎప్పుడో బయటికొచ్చేసినా రోగి మాత్రం కథ పూర్తయ్యేదాకా చెయ్యి చాచుకునే కూర్చునేవాడు. అలాంటిది ఇప్పుడు, పడుకోండమ్మా గుండె చూస్తాను, అని ముక్తసరిగా ఒక మాట అని ఊరుకుంది. రోజూ అక్కా అక్కా అని వెంటపడే పిల్ల ఇవాళ అమ్మా అంటోంది, అండీ అంటోంది, ఎందుకంటే ఈ గదిలో ఈమె అక్క కాదు, రోగి. రోగులుగా నటించడానికి ఒప్పుకున్న మనుషులు చివరి నిమిషంలో ఎగ్గొట్టారు, దాంతో మేడం, మీలో మీరే రోగులవ్వండి, అని ఇద్దరిద్దరిని జత కట్టేశారు. ముందు ఈమె రోగి, టపాకాయ నర్సు. అది అయ్యాక తారుమారు. రోగి ఎవరో, ఏమిటో ఒక చీటీ మీద రాసి ఈమె చేతికిచ్చారు. బట్టల కొట్టు నడుపుకునే ఆవిడ, ఎప్పుడూ అలసట, జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం. జబ్బు రక్తహీనత. మెడ మామూలు. అన్నీ అయ్యాక చివర్లో రోగి ఒక ప్రశ్న అడగాలి: నాకేమైందమ్మా? వేషంలోని ఆవిడకు మెడ మామూలుగానే ఉండి ఉంటుందని మామూలే అని చెప్పిందా, చేతికి తగిలింది చెప్పిందా? తగిలింది చెబితే ఆ గొంతు అలా ఎందుకు పలుకుతుంది? ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కన పెట్టుకుంది. కుడి చెయ్యి మెడ మీదికి పోతానంటోంది. బట్టల కొట్టు ఆవిడ మెడ తడుముకోదు, ఆవిడకేం తెలుసు.

స్టెతస్కోపు చల్లగా తగిలింది. అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి పెట్టమని ఈ పిల్లకు నేర్పింది తనే, ఇవాళ మరిచిపోయింది. మరిచిపోయిందంటే మనసు ఇక్కడ లేదు. పరీక్ష భయం అయి ఉంటుంది. పరీక్ష భయమే. ఎవరికుండదు భయం, పోయినసారి ఇదే గదిలో, ఇదే మంచం పక్కన నిలబడి తను ఫెయిలవ్వలేదా? అన్నీ బాగా చేసింది. గుండె చప్పుడులో తేడా పట్టింది, కాళ్ళ వాపు నొక్కి చూసింది, ఏ మందు ఎంత ఇవ్వాలో కూడా గడగడా చెప్పింది. అంతా అయ్యాక ఆ రోగి వేషం ముసలాయన, నాకేమైందమ్మా, అని అడిగాడు. ఒక్క క్షణం ఆగింది అంతే. ఇన్నేళ్ళ వార్డు లోపలినుంచి తన్నుకొచ్చి, ఆ మాట దానంతటదే నోట్లోంచి జారింది. డాక్టరుగారొచ్చి చెబుతారండీ. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇక వెళ్ళొచ్చు, అన్నారు. ఆ ఒక్క మాటకు సున్నా. నోరు జారితే మిగతావన్నీ సరిగా చేసినా దండగే అని మొదటి రోజే చెప్పి ఉన్నారు. ఇదంతా ఎందుకు చదువుతున్నట్టు మరి? ఈ పై చదువు చదివిన నర్సు డాక్టరు వెనక ట్రే పట్టుకుని నిలబడదు. ఊరి చివరి చిన్న ఆసుపత్రుల్లో తన బల్ల ముందు తను కూర్చుంటుంది, రోగిని తనే చూస్తుంది, ఏమైందో తనే చెబుతుంది. చెప్పడం రాకపోతే ఆ బల్ల ఎందుకు, ఆ కుర్చీ ఎందుకు. ఇవాళ రెండోసారి. ఇవాళా పోతే ఇక పేరు కొట్టేస్తారు, మళ్ళీ పాత వార్డు, పాత ట్రే.

"గట్టిగా ఊపిరి తీసుకోండమ్మా." తీసుకుంది. ఊపిరి బాగానే పోతోంది. గొంతులో ఏదీ అడ్డం పడటం లేదు. మింగితే నొప్పి లేదు. అన్నం దిగుతోంది, నీళ్ళు దిగుతున్నాయి, అత్తగారు ఆ మధ్య అన్న మాట తప్ప అన్నీ దిగాయి. ఇన్నేళ్ళు సూదులు వేశావు చాలదా, పిల్ల పెళ్ళీడుకొచ్చే వేళకు నీకు పరీక్షలేమిటే తల్లీ, అంది అత్తగారు. పిల్లకు పదేళ్ళు, పెళ్ళీడేమిటి. అంటూనే మళ్ళీ, పుస్తకం ముందు కునుకు తీస్తుంటే చడీచప్పుడు లేకుండా టీ తెచ్చి పక్కన పెట్టిపోయేది కూడా ఆవిడే. కునుకు. అలసట. ఈమధ్య అలసటగా ఉంటోంది, నిజమే. చీటీలో ఆవిడకు అలసట, తనకూ అలసట. ఎవరికి లేదు అలసట? ఉద్యోగం, చదువు, ఇల్లు, ఇంత నెత్తిన వేసుకుంటే గుర్రానికైనా ఉంటుంది. మరి గొంతు? గొంతు సంగతి ఇప్పుడెందుకు. గొంతు బొంగురుపోయి ఎన్నాళ్ళయింది? వానలు మొదలవకముందే. ఫోన్ ఎత్తితే ఆయన, మామయ్యగారూ బాగున్నారా, అని ఆటపట్టించేవాడు, నీ గొంతు అచ్చం మీ నాన్న గొంతే అని. పాఠాలు పైకి చదవడం వల్ల అనుకుంది. పైకి చదవకపోతే తనకు ఎక్కదు, చిన్నప్పటినుంచీ అంతే. యూనిఫాం కాలరు బొత్తాం బిగుతైతే కూర్చుని కూర్చుని ఒళ్ళొచ్చింది అనుకుంది. ఒళ్ళొస్తే నడుం దగ్గర కదా రావాలి. నడుం దగ్గర పాత హుక్కే పడుతోంది కదా.

ఇదే గొంతు, ఇదే కాలరు పట్టుకుని ఎవరైనా వార్డుకు వచ్చి ఉంటే, గుమ్మంలో ఉండగానే పట్టేసేది తను. అదే తన పేరు. ఎదటివాళ్ళ నడక చూసి చెప్పగలదు. తన మెడ తనకు కనిపించలేదు. మెడ పరీక్ష నేర్చుకున్న వారాల్లో ఇంట్లో ఎవరినీ వదల్లేదు. ఆయన టీవీ చూస్తుంటే వెనకనుంచి వెళ్ళి వేళ్ళు పెట్టి, మింగు, అనేది. ఇది చదువు కాదు, నా పీక పిసకడానికి ఎత్తు, అని ఆయన పక్కింటివాళ్ళకు వినబడేలా అరిచేవాడు. కూతురికి చక్కిలిగింత, వేలు ఆనకముందే మెలికలు తిరిగి మంచం దిగి పారిపోయేది. అత్తగారు మాత్రం రాణిలా కూర్చుని, సరిగ్గా చూడు, మళ్ళీ చూడు, అనేది. క్లాసులోనూ ఒకరి మెడ ఒకరు చూసుకున్నారు. తన వంతు వచ్చేసరికి, నాది పొట్టి మెడ, దొరకదు, పొడుగు మెడ వాళ్ళను చూసుకోండి, అని నవ్వేసి లేచిపోయింది. ఎందుకు లేచిపోయింది? నిజంగానే పొట్టి మెడ అనా, లేక లోపల ఎక్కడో, చూపించుకోకుండా ఉంటే మంచిదనా? ఛ, అప్పటికి ఏమీ లేదు. లేదని ఎవరు చూశారు?

కడుపు చూస్తోంది టపాకాయ. మోకాళ్ళు మడవమంది. ఇప్పుడు లేచి కూర్చుని, ఏమే, నా మెడలో ఏం దొరికింది నీకు, అని అడిగితే? అడిగితే ఆ పిల్ల పరీక్ష పోతుంది. రోగి వేషం వేసినవాళ్ళు వేషం దాటి మాట్లాడితే ఆ పరీక్ష చెల్లదు. పాపం ఆ పిల్లకు కొండ మీది ఆసుపత్రిలో బల్ల ఖాయం చేసి పెట్టారు, ఇవాళ పాసయితే చాలు. తండ్రి లేని ఇల్లు, తమ్ముళ్ళ బరువు దాని మీదే. అందుకే అడగడం లేదు, అనుకుంది ఆమె. కాసేపటికి, కాదులే, అని తనకే అనిపించింది. అడగకపోవడానికి ఆ పిల్ల సాకు. అడిగితే చెబుతుందేమో అని భయం. కాళ్ళు మడిచి, పొట్ట మీద చొక్కా పైకి తీసుకుని, ఇంత పెద్ద నర్సు, ఇంత పేరున్న నర్సు, ఒక చిన్నపిల్ల నోటికి భయపడి పడుకుని ఉంది. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది అంటారే, అది ఉత్త మాటే అనుకుంది ఇన్నాళ్ళూ. తన విషయంలో నిజంగానే ఏదో పడి కూర్చున్నట్టుంది. నవ్వు రాబోయి ఆగింది.

గడ్డ అనే మాట వార్డులో ఎవరూ అనరు. వాపు అంటారు. చిన్న వాపమ్మా, కంగారేం లేదు. మరీ అయితే డాక్టర్లు రోగి తల మీదుగా ఇంగ్లీషులో ఏదో అనుకుని ముందు మంచానికి జరుగుతారు. వాళ్ళు జరిగాక రోగి కళ్ళు నర్సు మీద పడతాయి. ఏమన్నారమ్మా? అప్పుడు నర్సు ఏమనాలో ఆమెకు ఉద్యోగం మొదటి వారంలోనే నేర్పారు. డాక్టరుగారొచ్చి చెబుతారండీ. అనీ అనీ వార్డులో రోగులు ఆమెకు చెబుతారక్క అని పేరే పెట్టేశారు. చెబుతారక్కను పిలవండి, సెలైన్ అయిపోయింది. అది ఇంటికి కూడా పాకింది. చారులో ఉప్పు సరిపోయిందా అమ్మా అని కూతురే అడిగి, గొంతు మార్చి, డాక్టరుగారొచ్చి చెబుతారండీ, అని తనే జవాబు చెప్పేసేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా.

ఆ మాటలో రకాలున్నాయని మాత్రం నర్సులకు తప్ప ఎవరికీ తెలియదు. పని తొందరలో విసురుగా అనే రకం ఒకటి. నిజంగానే తనకేమీ తెలియక అనే రకం ఒకటి, అప్పుడు రోగి ముఖంలోకి చూసి అనొచ్చు, ఇబ్బంది లేదు. మూడో రకం తెలిసి అనేది. రిపోర్టు తను చూసేసి ఉంటుంది, డాక్టరు ఇంకా రాలేదు. అప్పుడు ముఖంలోకి చూడలేరు. అప్పుడు నర్సు చెయ్యి దుప్పటి మీదికి పోతుంది. కాళ్ళ దగ్గర లేని మడత సరిచేస్తుంది. ఆమె ఎన్ని దుప్పట్లు సరిచేసిందో. కిటికీ పక్క మంచం దర్జీ తాత అడిగినప్పుడల్లా సరిచేసింది. ఏమైందమ్మా నాకు, అని అడిగేవాడు, అడిగి ఆమె చేతుల వంక చూసేవాడు, కుట్టు పని చేసిన మనిషి కదా, చేతులే చూసేవాడు. చివరికి ఒక రోజు, దుప్పటి బాగానే ఉందిలే తల్లీ, అన్నాడు. ఆ తర్వాత అడగలేదు. తలుపు వంక చూస్తూ పడుకున్నాడు.

మేడం కూడా ఒకప్పుడు వార్డు నర్సే, మోకాళ్ళు అరిగేదాకా నడిచిన మనిషే. అందుకేనేమో ఆ మాట మీద అంత పగ. క్లాసులో ఎవరైనా అలవాటు కొద్దీ డాక్టరుగారొచ్చి అని మొదలుపెడితే చాలు, వస్తారు, తప్పకుండా వస్తారు, ఈలోపు? అనేవారు. అంతే, ఒక్క మాట. ఈలోపు? అని ఆగి చూసేవారు. క్లాసంతా నేల చూపులు చూసేది. వెనకబెంచీల వాళ్ళు ఆవిడకు ఈలోపు మేడం అని పేరు పెట్టారు. ఆమె కూడా ఆ పేరు అని నవ్వుకుంది, క్యాంటీన్‌లో టపాకాయ మేడంలా కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఈలోపు? అని అనుకరిస్తే టీ పొలమారేంత నవ్వింది. పొలమారింది. ఈమధ్య తరచు పొలమారుతోంది కూడా. అయ్యో, ఇక చాలు, ఒక్కొక్కటీ తవ్వుకుంటూ పోతే ఎక్కడ తేలుతుంది. కూతురికి ఇంకా జడ వేసుకోవడం రాదు.

మంచం మీద తల తిప్పితే తలుపు కనిపిస్తోంది. నిలబడి తిరిగినన్నాళ్ళూ గమనించలేదు, వార్డులో కూడా మంచాలన్నీ ఇలాగే వేసి ఉంటాయి, పడుకుంటే తలుపే కనిపించేలా. దర్జీ తాత చూసింది దీన్నే. తలుపు మూసి ఉంది, దానికి లేత ఆకుపచ్చ రంగు, పిడి దగ్గర రంగు రాలింది. అవతల వరండాలో వంతు కోసం కూర్చున్న పిల్లలు గుసగుసగా పాఠం అప్పజెప్పుకుంటున్నారు. ఎవరో ఒకరు ఆ తలుపు తీసుకుని వచ్చి చెబుతారని ఎదురు చూడటం ఎంత సుఖంగా ఉందో, ఎంత నరకంగా ఉందో, రెండూ ఒక్కసారే తెలుస్తున్నాయి ఆమెకు. ఎవరొస్తారు? ఎవరూ రారు. ఈ గదికి డాక్టరు రాడు.

పాదాల దాకా చూడటం అయిపోయింది. టపాకాయ లేచి నిలబడి, కాళ్ళ వైపు మంచం పక్కన చేతులు కట్టుకుంది. ఇక మిగిలింది రోగికి చెప్పడమే. ఆ పిల్ల చెప్పాల్సింది చాలా తేలిక, మీకు రక్తం తక్కువగా ఉందమ్మా, ఫలానా పరీక్ష చేయించండి, ఫలానా మాత్ర వేసుకోండి, అంతే. అది చెబితే పాసు. మేడం పెన్ను సిద్ధంగా పట్టుకున్నారు. ముందు రోగి అడగాలి, చీటీలో ఉన్న ప్రశ్న. బట్టల కొట్టు ఆవిడలా కాస్త దర్జాగా అడగాలని నిన్నంతా అద్దం ముందు అనుకుంది. తీరా నోరు తెరిస్తే బొంగురు గొంతుతో, తన సొంత గొంతుతో వచ్చింది.

"నాకేమైందమ్మా?"

టపాకాయ చూసింది. చూసి వెంటనే చూపు తిప్పుకుంది. నోరు తెరిచింది, రక్తం అనబోయిందో ఏమో. కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఒక చెయ్యి దుప్పటి మీదికి పోయింది. కాళ్ళ దగ్గర దుప్పటి సాఫీగానే ఉంది, మడతన్నదే లేదు. ఆ లేని మడతను సరిచేస్తూ, తల ఎత్తకుండా ఆ పిల్ల అంది.

"డాక్టరుగారొచ్చి చెబుతారండీ."

మేడం పెన్ను ఆగిన చప్పుడు వినిపించింది, ఆగితే చప్పుడేమిటో గానీ వినిపించింది. పోయింది. ఆ పిల్ల పరీక్ష పోయింది, కొండ మీది బల్ల పోయింది, ఒక్క మాటకు. ఆ మాట ఏ రకమో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు. అయితే ఉంది. మెడలో ఉంది, చేతికి దొరికింది, చెప్పలేక నోట్లో పెట్టుకుని గదంతా తిరిగింది ఆ పిల్ల. ఊరుకోవచ్చు. ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. ఏమీ వినబడనట్టు లేచి, చొక్కా సర్దుకుని, మంచం ఆ పిల్లకు వదిలి, తన పరీక్ష తను చూసుకోవచ్చు. తర్వాత ఎవరో ఒకరు చూస్తారు, ఎప్పుడో చెబుతారు. మంచం మీంచి ఆకుపచ్చ తలుపు కనిపిస్తూనే ఉంది. ఆమె ఆ తలుపు మీంచి చూపు తీసి, దుప్పటి మీద ఆ పిల్ల చేతిని చూసింది.

"ఈలోపు?" అంది.

ఆ పిల్ల ఉలిక్కిపడి మేడం వంక చూసింది, ఆ మాట అక్కడినుంచి వచ్చిందనుకుని. మేడం అట్ట మోకాలి మీంచి తీసి పక్కన బల్ల మీద పెట్టారు. టపాకాయకు అప్పుడు అర్థమైంది ఎవరన్నారో. దుప్పటి వదిలేసి, ఇటు తలవైపుకు వచ్చి, రోగి మంచం మీద కూర్చోకూడదన్న రూలు కూడా మరిచిపోయి అంచున కూర్చుంది.

"అక్కా, కుడివైపు గడ్డ ఉందక్కా" అంది. "చిన్నదే. కానీ గట్టిగా ఉంది. నువ్వు మింగినప్పుడల్లా నా వేలి కింద కదిలింది, అందుకే మూడోసారి మింగమన్నాను. నీ గొంతు మారిందని నాకు ఎప్పుడో తెలుసు, నీకు చెప్పలేదు. అదేమిటో నా వేళ్ళకు తెలియదు. స్కానింగ్ తీయించాలి, సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపాలి. భయపడాల్సింది కాకపోవచ్చు. అవచ్చు కూడా. ఇవాళే వెళ్దాం, నేను వస్తాను."

టపాకాయ అంత నెమ్మదిగా మాట్లాడటం క్లాసులో ఎవరూ విని ఉండరు. ఒక్కొక్క మాటా తీసి ఎదురుగా పెట్టినట్టు చెప్పింది. చెబుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు, చూపు తిప్పుకోలేదు. ఆమెకు భయం వేసింది. ఇందాకటినుంచీ ఉన్నది దిగులు, ఇది భయం, దీనికి చోటుంది, కుడివైపు అని చెప్పడానికి ఒక చోటుంది. కూతురి జడ గుర్తొచ్చింది, ఆయన మామయ్యగారూ అనడం గుర్తొచ్చింది, ఈ సాయంత్రం ఆయనకు ఏ మాటతో మొదలుపెట్టాలో అప్పుడే వెతుక్కుంటోంది. వాపు అనకూడదు. గడ్డ అనే చెప్పాలి.

"ఎక్కడ?" అని అడిగింది.

టపాకాయ ఆమె కుడి చెయ్యి అందుకుని, చూపుడు వేలు ఎంచి, మెడ మీద ఆ చోటికి తెచ్చి ఆనించింది. పైన తన వేలు కూడా ఉంచింది.

"ఇప్పుడు మింగక్కా" అంది.

ఆమె మింగింది. వేలి కింద అది కదిలింది.